డీవో 0.6 అని ఎందుకు చూపించింది? ఒక సాకెట్ బగ్ విశ్లేషణ

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు పోతే చాలాచోట్ల రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులే. వనామీ అనే రొయ్య రకం వేసిన రైతుకు రాత్రిపూట కునుకు పట్టనియ్యనిది ఒకే ఒక్క అంకె, నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్. అందరి నోట్లో దాని పేరు డీవో. పగలు నీళ్లలోని ప్లాంక్టాన్ అనే సన్నటి నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడ్డాక ఆ తయారీ ఆగిపోయి అదే ప్లాంక్టాన్ రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటుంది, అందుకే తెల్లవారుజామున డీవో బాగా కిందికి దిగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే ఫర్వాలేదు. 3 కిందికి వచ్చిందంటే టెన్షన్ మొదలు. ఇంకా పడితే రొయ్యలు నీటి పైకి తేలడం మొదలవుతుంది, అప్పుడిక నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు వేసినా ఎంత మిగులుతుందో చెప్పలేం.

ఇలాంటి చెరువు గట్టు మీద ఒక చిన్న పెట్టె పెట్టారనుకుందాం. నిమిషానికి ఒకసారి నాలుగు అంకెలు కొలుస్తుంది: నీటి వేడి, పీహెచ్, సెలినిటీ (నీటిలో ఉప్పు), డీవో. వాటి మధ్య కామాలు పెట్టి, చివర వరుస ముగిసిందని చెప్పే న్యూలైన్ అనే గుర్తు పెట్టి, మొబైల్ డేటా మీద టీసీపీ (కంప్యూటర్ల మధ్య డేటా చేర్చే నియమాలు) కనెక్షన్‌లో సర్వర్‌కు పంపుతుంది. ఒక చెరువుకు ఒక కనెక్షన్. సర్వర్‌లో పైథాన్ ప్రోగ్రాం ఉంటుంది. అది సాకెట్ (ఆ కనెక్షన్‌కు సర్వర్ వైపు ఉండే కొస) నుంచి రిసీవ్ అనే ఫంక్షన్‌తో 1024 బైట్ల వరకు చదివి, వచ్చినదాన్ని న్యూలైన్ల దగ్గర విడగొట్టి, ప్రతి వరుసలో కామాల మధ్య చివరి ముక్కను డీవోగా తీసుకుంటుంది. 3 కిందికి వస్తే రైతు ఫోన్ మోగుతుంది. ఈ కోడంతా పదిహేను వరుసలు కూడా ఉండదు, చదివితే తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. ఈ అమరిక ఊహించుకున్నదే, కానీ ఇందులోని బగ్ మాత్రం సాకెట్లతో పనిచేసే ప్రతి భాషలోనూ, కొత్తగా రాసేవాళ్ల చేతిలోనూ పాతవాళ్ల చేతిలోనూ పుడుతూనే ఉంటుంది.

వేసవి అంతా ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక ఒక రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగుతుంది, డీవో 0.6 అని. రైతు టార్చి పట్టుకుని పరుగెత్తుతాడు. "ఏరియేటర్లన్నీ తిరగతానే ఉండాయి, ఎట్టా పడిపోద్దన్నా?" అని అడిగేలోపు చేతి మీటరు పెట్టి చూస్తే 4.6. చెరువు నిక్షేపంగా ఉంది. ఇక మరుసటి రోజు నుంచి సెన్సర్ మీద అనుమానం. దాన్ని తుడుస్తారు, క్యాలిబ్రేషన్ చేస్తారు, వానకు వైరు జాయింట్లో నీళ్లు దిగాయేమోనని విప్పి మళ్లీ టేపు చుడతారు, ఆఖరికి వేల రూపాయలు పోసి కొత్త సెన్సర్ తెస్తారు. రెండు వారాల తర్వాత మళ్లీ అదే. వాన పడ్డప్పుడే వస్తోంది కాబట్టి తడి వల్లేనన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. దీనికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మూడోసారి మోగిన అలారాన్ని రైతు లెక్క చేయడు, ఆ మూడోసారి నిజమే కావచ్చు.

ఇలాంటి బగ్ వెనకాల పడేటప్పుడు మొదట చేయాల్సింది కోడ్‌ను మళ్లీ మళ్లీ చదవడం కాదు. రిసీవ్ తిరిగి ఇచ్చిన ప్రతిదాన్నీ, విడగొట్టక ముందే, ఎన్ని బైట్లు వచ్చాయో ఆ లెక్కతో సహా ఉన్నదున్నట్టు లాగ్‌లో రాసుకోవాలి. చాలామంది విడగొట్టిన తర్వాతి విలువలను లాగ్ చేస్తారు, అక్కడ 0.6 మాత్రమే కనిపిస్తుంది, అది ఎక్కడి నుంచి ఊడిపడిందో కనిపించదు. ముడి బైట్లు చూస్తే అసలు సంగతి ఒక్క చూపుకే తెలిసిపోతుంది. ఒకసారి 1024 బైట్లు వచ్చాయి, వాటి చివర ఇలా ఉంది:

27.6,8.1,9,4

న్యూలైన్ లేదు. ఆ వెంటనే 378 బైట్లు వచ్చాయి, వాటి మొదట్లో ఇలా ఉంది:

.6

అంటే 4.6 నిలువునా రెండుగా చీలింది. మొదటి సగాన్ని ప్రోగ్రాం 4 అని చదివింది, అది మామూలు విలువే కాబట్టి ఎవరూ గమనించలేదు. రెండో సగం ఒక కొత్త వరుసలా కనిపించింది, అందులో కామాలే లేవు కాబట్టి చివరి ముక్క అంటే మొత్తం అదే, ముందు సున్నా లేకపోయినా పైథాన్ దాన్ని ఏ అభ్యంతరమూ లేకుండా 0.6 గా మార్చి ఇచ్చింది. ఎర్రర్ రాలేదు, ప్రోగ్రాం ఆగలేదు. ఇదే ఈ బగ్‌లో అన్నిటికంటే చెడ్డ గుణం. కోడ్ పగిలిపోతే ఆ రోజే పట్టుకుంటాం, తప్పు అంకెను ఒప్పు అంకెలా చూపిస్తే మాత్రం నెలలు పడుతుంది.

మరి వానకూ దీనికీ ఏంటి సంబంధం? ఇక్కడ కాస్త ఓపికగా బైట్లు లెక్కపెట్టాలి. సెలినిటీ 10 ఉన్నప్పుడు ఒక వరుస ఇలా ఉంటుంది: 27.6,8.1,10,4.6. అంకెలు, చుక్కలు, కామాలు, చివరి న్యూలైన్ అన్నీ కలిపితే సరిగ్గా 16 బైట్లు. 1024ను 16తో భాగిస్తే శేషం లేకుండా 64. సిగ్నల్ బాగున్నంతసేపు ఒక్కో వరుస ఒక్కోసారి వస్తుంది, సమస్యే లేదు. సిగ్నల్ పోయి గంటన్నర తర్వాత తిరిగి వస్తే, పెట్టె అప్పటిదాకా దాచుకున్న 90 వరుసలను ఒకేసారి పంపుతుంది, 1440 బైట్లు. రిసీవ్ మొదట 1024 తీసుకుంటుంది, అంటే కచ్చితంగా 64 వరుసలు. తర్వాత 416 తీసుకుంటుంది, అంటే కచ్చితంగా 26 వరుసలు. కోత ప్రతిసారీ వరుస అంచునే పడుతోంది. కోడ్ సరైనది కావడం వల్ల కాదు, అంకెలు అలా కలిసొచ్చాయి అంతే.

వాన పడితే చెరువులో మంచినీళ్లు కలిసి సెలినిటీ తగ్గుతుంది. 18 నుంచి 12 అయినా వరుస పొడవు మారదు. 10 నుంచి 9 అయిన క్షణంలో రెండంకెలు ఒక అంకె అవుతాయి, వరుస 15 బైట్లకు తగ్గుతుంది. సిగ్నల్ లేని ఆ గంటన్నరలో మొదటి 52 వరుసలు 10తో, మిగతా 38 వరుసలు 9తో ఉన్నాయనుకుందాం. మొదటివి 832 బైట్లు. వాటి తర్వాత 15 బైట్ల వరుసలు 12 పడితే 180, మొత్తం 1012. ఇంకా 12 బైట్లకు చోటుంది. 65వ వరుసలో మొదటి 12 బైట్లు ఎక్కడ ఆగుతాయో లెక్కపెట్టి చూడండి, సరిగ్గా 4 దగ్గర. చుక్క, 6, న్యూలైన్ అవతలి ముక్కలోకి పోయాయి. మొత్తం 1402 బైట్లలో 1024 పోతే మిగిలింది 378, లాగ్‌లో కనిపించిన అంకె అదే. వాన సెన్సర్‌ను తడపలేదు, వరుసలో ఒక బైటును తగ్గించింది. వానతోపాటే సిగ్నల్ కూడా పోతుంది కాబట్టి రెండూ ఒకే రాత్రి కలిశాయి.

సెలినిటీ 55వ వరుసలోనో 50వ వరుసలోనో మారి ఉంటే కోత ఇంకోచోట పడేది. కోత సరిగ్గా మొదటి కామా ముందు పడితే నీటి వేడి 27.6 డీవో స్థానంలోకి వచ్చేది, అది ఎవరి కంటికైనా అబద్ధమని తెలిసిపోతుంది. కోత పీహెచ్ తర్వాత పడితే 8.1 డీవోగా కనిపించేది, అది తెలియదు. వేసవి మధ్యాహ్నం ప్లాంక్టాన్ ఎక్కువై డీవో 10.2 అయితే వరుస 17 బైట్లు అవుతుంది, అప్పుడూ ఇదే ప్రమాదం, కాకపోతే పట్టపగలు గంటకు పైగా సిగ్నల్ పోవడం అరుదు.

ఇప్పుడు మూలం దగ్గరికి వద్దాం. టీసీపీకి మెసేజ్ అనే మాటే తెలియదు. దాని నియమాలు రాసిన పత్రాల్లో, 1981 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 793 నుంచి, 2022లో దాని స్థానంలోకి వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9293 దాకా అది మాట ఇచ్చేది ఒకటే: పంపిన బైట్లు పంపిన వరుసలోనే, ఏదీ పోకుండా, రెండుసార్లు రాకుండా అవతలికి చేరతాయి. ఎన్ని విడతల్లో పంపారో, ఏ విడత ఎక్కడ ముగిసిందో అవతలివాళ్లకు చెప్పదు. కాలువకు ఎగువన పదిమంది బిందెలతో నీళ్లు పోస్తే, దిగువన బక్కెట్టు ముంచినవాడికి ఎవరి బిందె నీళ్లు వాళ్లవిగా విడివిడిగా దొరకవు. ఒక బక్కెట్టులో మూడు బిందెల నీళ్లు రావచ్చు, సగం బిందే రావచ్చు. ఒకసారి సెండ్ చేస్తే అటువైపు ఒకసారి రిసీవ్ అవుతుందన్న ఊహ ఎక్కడా రాసిలేదు, ఎవరికి వాళ్లం అనుభవంతో కల్పించుకున్నదే. పైగా 1984లో జాన్ నేగుల్ ప్రతిపాదించిన పద్ధతి వల్ల చిన్నచిన్న సెండ్‌లను సిస్టమే కలిపి ఒకటిగా పంపొచ్చు. ఈథర్‌నెట్ ప్యాకెట్ 1500 బైట్లు, అందులో చిరునామాల్లాంటి వివరాలుండే హెడర్లు పోగా డేటాకు మామూలుగా మిగిలేది 1460. అంతకంటే పెద్దది పంపితే పంపే చోటే ముక్కలై వెళ్తుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో ఆ అంకె ఇంకా తగ్గవచ్చు. రిసీవ్‌కు ఇచ్చే 1024 గరిష్ఠం మాత్రమే. అన్ని వచ్చేదాకా ఆగమని దాని అర్థం కాదు, ఒక్క బైటే వచ్చి ఉంటే ఆ ఒక్కటే ఇస్తుంది.

ఇంత సూటిగా ఉన్న నియమాన్ని ఎందుకు మర్చిపోతారంటే, టెస్టుల్లో ఇది కనపడదు. ఒంగోలులో ఒక గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పంపేదీ తీసుకునేదీ అదే మెషీన్‌లో నడిపి చూస్తే అంతా సాఫీగా పోతుంది. లినక్స్‌లో లూప్‌బ్యాక్ (మెషీన్ తనకు తానే పంపుకునే దారి) ప్యాకెట్ పరిమితి 65536 బైట్లు, ఆలస్యం లేదు, సిగ్నల్ పోవడం లేదు. వంద వరుసలు పంపితే వంద వరుసలూ ముక్కలు కాకుండా వచ్చేస్తాయి. దాన్ని చూసి పనిచేస్తోంది అని రాసేసుకుంటే, అసలు పరీక్ష చెరువు గట్టు మీద జరుగుతుంది.

బగ్ దొరికాక కూడా చాలామంది చేసే మూడు పనులు దాన్ని ఇంకా లోతుకు తోస్తాయి. రిసీవ్‌కు ఇచ్చే పరిమితిని 1024 నుంచి 4096 చేయడం మొదటిది. అలారం ఆగిపోతుంది, నాలుగున్నర గంటలు సిగ్నల్ పోయే తుపాను రాత్రి దాకా. రెండోది రిసీవ్‌కు ముందు కాసేపు నిద్రపుచ్చడం, అన్నీ వచ్చేదాకా ఆగుతున్నామన్న భ్రమతో. నెట్‌వర్క్ ఎంతసేపు తీసుకుంటుందో మన గడియారం చెప్పలేదు. మూడోది అన్నిటికంటే ప్రమాదం: తేడాగా ఉన్న వరుస వస్తే చప్పుడు లేకుండా వదిలేయడం. నాలుగు ముక్కలు లేకపోతే పారేయమంటే 0.6 పోతుంది, నిజమే. కానీ 27.6,8.1,9,4 లో నాలుగు ముక్కలూ ఉన్నాయి, అది 4గా అలాగే లోపలికి వచ్చేస్తుంది. 2.9 మధ్యలో విరిగితే 2 అవుతుంది. 10.2లో 1 తర్వాత విరిగితే 1 అవుతుంది, మళ్లీ ఉత్త పరుగు.

సరైన పరిష్కారం పెద్దదేమీ కాదు. ప్రతి కనెక్షన్‌కు ఒక నిల్వ ఉంచుకోవాలి, ఖాళీ బైట్లతో మొదలుపెట్టి. రిసీవ్ ఇచ్చినదాన్ని దాని చివర అతికించాలి. ఆ నిల్వలో న్యూలైన్ కనిపించినంత కాలం, దాని ముందున్నదాన్ని ఒక పూర్తి వరుసగా తీసి వాడాలి. న్యూలైన్ దొరకని తోకను ముట్టుకోకుండా అలాగే ఉంచి, మళ్లీ రిసీవ్‌కు పోవాలి. ఈ తోకను దాచుకోవడమే మొత్తం కిటుకు, మొదటి కోడ్‌లో లేనిది అదొక్కటే. నిల్వకు ఒక పై హద్దు కూడా పెట్టాలి, లేదంటే న్యూలైన్ ఎప్పటికీ పంపని చెడిపోయిన పెట్టె ఒకటి చాలు మెమరీ నింపడానికి. పైథాన్ అసింక్‌ఐఓ లైబ్రరీలో వరుస చదివే ఫంక్షన్‌కు ఆ హద్దు మామూలుగా 64 కిలోబైట్లు ఉంటుంది. న్యూలైన్‌కు బదులు ప్రతి మెసేజ్ ముందు దాని పొడవును నాలుగు బైట్లలో పంపే పద్ధతీ ఉంది, ఫోటోల్లాంటివి పంపేటప్పుడు అదే మేలు. కానీ అక్కడ కూడా ఆ నాలుగు బైట్లే రెండు ముక్కలుగా రావచ్చన్నది గుర్తుండాలి. పొడవు చదివే చోట లూప్ పెట్టకుండా, అసలు మెసేజ్ చదివే చోట మాత్రమే పెట్టిన కోడ్ బోలెడు కనిపిస్తుంది.

తెలుగు పంపేవాళ్లకు ఇందులో ఇంకో పేచీ ఉంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు. రొయ్య అన్న మాటలో ర, ఒత్వం గుర్తు, య, పొల్లు, య అని ఐదు సంకేతాలు, మొత్తం 15 బైట్లు. ర అంటే 224, 176, 176. ఆ తర్వాతి ఒత్వం 224, 177, 138. కోత 177 తర్వాత పడిందనుకుందాం. రిసీవ్ ఇచ్చినదాన్ని వెంటనే అక్షరాలుగా మారిస్తే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది, ఇది నిజానికి మంచిదే, బగ్ ఉందని మొహం మీద చెబుతోంది. దాన్ని తప్పించుకోవడానికి ఎర్రర్లను పట్టించుకోవద్దని ఆప్షన్ పెడితే ఆ గుర్తులోని రెండు సగాలూ ఎగిరిపోయి, రైతు ఫోన్లో రొయ్య కాస్తా రయ్య అవుతుంది. ముందు బైట్లుగానే న్యూలైన్ దగ్గర కోసుకుని, వరుస పూర్తయ్యాకే అక్షరాలుగా మార్చుకుంటే ఈ బాధ లేదు. న్యూలైన్ బైటు విలువ 10. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లన్నీ 128 లేదా అంతకంటే పైనే ఉంటాయి కాబట్టి ఒక అక్షరం కడుపులో 10 దొరికే అవకాశమే లేదు.

ఇది పైథాన్ ఒక్కదాని తప్పు కాదు. సాకెట్ల ఇంటర్‌ఫేస్ 1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్ నుంచి వచ్చింది, దాదాపు ప్రతి భాషా ఆ అలవాటునే మోస్తోంది. జావాలో రీడ్ కూడా అడిగినదానికంటే తక్కువ ఇవ్వొచ్చు, పూర్తిగా కావాలంటే రీడ్‌ఫుల్లీ వాడాలి. అవైలబుల్ అనే ఫంక్షన్ చెప్పే అంకెను మెసేజ్ పొడవు అనుకోవడం అక్కడి పాత పొరపాటు. గో భాషలో దీనికి రీడ్‌ఫుల్ ఉంది, సగంలో కనెక్షన్ పోతే ఆ సంగతిని వేరే ఎర్రర్‌గా చెబుతుంది కూడా, ఇది మెచ్చుకోవలసిన పద్ధతి. పైథాన్‌లో సాకెట్‌ను ఫైల్‌లా మార్చుకుని వరుసలు చదువుకునే మేక్‌ఫైల్ సౌకర్యం ఉంది, మామూలు పనులకు అది చాలు. కాకపోతే టైమవుట్ పెట్టిన సాకెట్ మీద దాన్ని వాడి, ఒకసారి టైమవుట్ అయ్యిందంటే లోపలి నిల్వ నమ్మదగ్గ స్థితిలో ఉండదు, ఆ కనెక్షన్‌ను మూసేయడమే నయం. అసలు భాష వైపు నుంచి మారాల్సినవి కొన్ని మారాయి కూడా. 2015లో వచ్చిన పైథాన్ 3.5కు ముందు, రిసీవ్ కాచుకుని ఉండగా ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఏదైనా సిగ్నల్ (మొబైల్ సిగ్నల్ కాదు, ప్రోగ్రాంకు వచ్చే పిలుపు) వస్తే చదవడం ఎర్రర్‌తో ఆగిపోయేది. పెప్ 475 అనే మార్పు వచ్చాక అదే మళ్లీ ప్రయత్నిస్తుంది. వరుస ఎక్కడ ముగుస్తుందో మాత్రం ఏ భాషా ఊహించలేదు, ఆ ఒప్పందం పెట్టెకూ సర్వర్‌కూ మధ్యది.

బాగుచేశామని ఎలా నమ్మాలి? వానాకాలం దాకా ఆగనక్కర్లేదు. ఆ రాత్రి 1402 బైట్లను ఒక ఫైల్‌లో దాచుకుంటే చాలు. మొదట వాటిని ఒక్కో బైటుగా కోడ్‌కు అందించాలి. తర్వాత రెండే ముక్కలుగా, కానీ కోతను ఒకటో బైటు తర్వాత నుంచి 1401వ బైటు తర్వాత వరకు ప్రతిచోటా పెట్టి చూడాలి. 1401 సార్లూ అవే 90 వరుసలు, అవే అంకెలు రావాలి. కంప్యూటర్‌కు ఇది క్షణాల పని. పాత కోడ్‌కు ఇదే పరీక్ష పెడితే చాలా కోతల దగ్గర తేడా బయటపడుతుంది, 1024వ బైటు తర్వాతి కోత వాటిలో ఒకటి.

ఇక చివరగా మిగిలే సందు కనెక్షన్ తెగిపోవడం. రిసీవ్ ఖాళీ బైట్లు ఇచ్చిందంటే అవతలి వైపు మూసేసిందని అర్థం, డేటా ఇంకా రాలేదని కాదు. దీన్ని చూడకుండా లూప్ తిప్పితే ప్రోగ్రాం అక్కడే గిరగిరా తిరుగుతూ ప్రాసెసర్ మొత్తం తినేస్తుంది. ఆ సమయానికి నిల్వలో 27.6,8.1,9,4 అని తోక మిగిలి ఉండవచ్చు, ఎలాగూ వచ్చిందిగా అని దాన్ని ఆఖరి వరుసగా వాడేయాలనిపిస్తుంది. వాడకూడదు. ఆ 4 నిజంగా 4 కావచ్చు, 4.6 కావచ్చు, న్యూలైన్ రాలేదు కాబట్టి అది ఇంకా రీడింగ్ కాదు. దాన్ని పారేసి, పారేసినట్టు లాగ్‌లో రాసి, పెట్టె మళ్లీ కలిసినప్పుడు ఆ వరుసను మొదటి నుంచి పంపేలా పెట్టె వైపు కోడ్ రాయాలి.